లైనక్స్‌తో నడిచే పాత తరహా ప్రింటర్ కావాలి, యాప్ గొడవ లేనిది. హైదరాబాద్‌లో ఎక్కడ చూడాలి?

మల్కాజిగిరి_మూర్తి · శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. యూఎస్‌బీ వైరు పెట్టగానే నోరెత్తకుండా అచ్చు వేసే నలుపు తెలుపు ప్రింటర్ ఒకటి కావాలి. స్కానర్ వద్దు, రంగులు వద్దు, ఫోన్‌లో యాప్ అసలే వద్దు.

మా కాలనీ లైబ్రరీలో ఆదివారాలు పిల్లలకు తెలుగు చెబుతుంటాను. కథలు, పద్యాలు, గళ్ల నుడికట్లు లిబ్రే ఆఫీస్‌లో టైపు చేసుకుంటాను. లాప్‌టాప్‌లో లైనక్స్ మింట్ ఉంది, దాన్ని మార్చే ఉద్దేశం లేదు. ప్రింటింగ్‌కు ఒక లెక్కంటూ ఉండదు. పోటీలున్న వారం వంద పేజీలు దాటుతుంది, వేసవి సెలవుల్లో ఒక్క పేజీ కూడా ఉండదు.

ఇప్పుడున్నది మా అబ్బాయి కొనిపెట్టిన ఇంక్ ప్రింటర్. కంపెనీ పేరెందుకు లెండి. పెట్టెలోంచి తీయగానే ఫోన్ అడిగింది, ఫోన్‌లో ఖాతా తెరవమంది, ఆపైన వైఫై పాస్‌వర్డ్ అడిగింది. రౌటర్ మార్చిన రోజు నుంచి దానికీ నాకూ మాటల్లేవు. సెలవులయ్యాక తీస్తే ఇంక్ ఎండిపోయి అక్షరాలకు అడ్డంగా తెల్ల చారలు.

ఒకప్పుడు ఆఫీసుల్లో ఉండేవి చూడండి, బరువుగా, రెండే బటన్లతో, అలాంటిది కావాలి. బడ్జెట్ 8 వేల లోపు. సెకండ్ హ్యాండ్ అయినా అభ్యంతరం లేదు. ఏ మోడల్ వెతకాలి? మన ఊళ్లో ఎక్కడ వెతకాలి?


కొత్తపేట_కుర్రాడు · శుక్రవారం రాత్రి 9:30

సర్, పాతది ఎందుకు? ఇప్పుడొచ్చే ప్రింటర్లు చాలావరకు డ్రైవర్ లేకుండానే లైనక్స్‌లో పనిచేస్తున్నాయి. పెట్టె మీద ఎయిర్‌ప్రింట్ అని ఉంటే చాలు, ఉబుంటు, మింట్ వాటంతట అవే గుర్తుపడతాయి. మా హాస్టల్లో అలాగే వాడుతున్నాం.


డెబియన్_దమయంతి · శుక్రవారం రాత్రి 10:05

కుర్రాడు చెప్పింది నిజమే. ఎయిర్‌ప్రింట్ గానీ ఐపీపీ ఎవ్రీవేర్ గానీ (రెండూ డ్రైవర్ లేకుండా అచ్చు వేయించే పద్ధతులే) ఉన్న ప్రింటర్‌ను, లైనక్స్‌లో ప్రింటింగ్ పని చూసే కప్స్ నేరుగా పట్టుకుంటుంది. చాలా మోడళ్లకు ఐపీపీ-యూఎస్‌బీ ప్యాకేజీ ఉంటే వైఫై కూడా అక్కర్లేదు, వైరు మీదే నడుస్తాయి. కానీ 8 వేల లోపు కొత్త లేజర్ ప్రింటర్, అందులో ఈ సౌకర్యం, పైగా యాప్ తెరవకుండానే మొదలయ్యేది అంటే వెతకడానికే నెల పడుతుంది. మూర్తి గారి వాడకానికి పాత ఆఫీసు లేజరే సరి. టోనర్ పొడి కాబట్టి సెలవుల్లో ఎండిపోయే బాధ కూడా ఉండదు.

షాపుకు వెళ్లినప్పుడు ప్రింటర్ వయసు అడక్కండి, దానికి ఏ భాష వచ్చో అడగండి. భాషంటే పేజీని ఎలా వేయాలో కంప్యూటర్ ప్రింటర్‌కు చెప్పే పద్ధతి. పోస్ట్‌స్క్రిప్ట్ అడోబీ వాళ్లది, 1985లో ఆపిల్ లేజర్‌రైటర్‌తో జనంలోకి వచ్చింది. పీసీఎల్ హెచ్‌పీ వాళ్లది, 1984 నాటి మొదటి లేజర్‌జెట్ నుంచీ ఏదో ఒక రూపంలో ఉంటూనే ఉంది. ఈ రెండిట్లో ఏది వచ్చినా చాలు, కంపెనీ లైనక్స్‌ను పూర్తిగా మరిచిపోయినా సాధారణ డ్రైవర్‌తో పని జరిగిపోతుంది.

తలనొప్పి అంతా మూడో రకంతో. హోస్ట్ బేస్డ్ అంటారు, జీడీఐ అని కూడా అంటారు. పేజీని చుక్కలుగా మార్చే పని ప్రింటర్ చేయదు, కంప్యూటర్ చేసి పంపాలి. లోపల ప్రాసెసర్, మెమరీ తగ్గించారు కాబట్టి చవగ్గా అమ్మగలిగారు. ఆ చుక్కలు పంపే పద్ధతి ఒక్కో కంపెనీకి ఒక్కోటి. విండోస్‌కు డ్రైవర్ రాసి చేతులు దులుపుకున్నవి బోలెడు.

మన జిరాక్స్ షాపుల్లో ఎక్కడ చూసినా కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900 ఈ జాతిదే. యంత్రంగా వంక పెట్టడానికి లేదు. కానీ అది మాట్లాడేది క్యాప్ట్ అనే కెనాన్ సొంత భాష. లైనక్స్ డ్రైవర్ ఇచ్చారు గానీ దానికి పాత 32 బిట్ లైబ్రరీలు కావాలి, వెనకాల డీమన్ అనే ఒక ప్రోగ్రామ్ నడుస్తూ ఉండాలి, అన్నీ కుదిరితే పేజీ వస్తుంది. బయటివాళ్లు శోధించి రాసిన క్యాప్ట్‌డ్రైవర్ కూడా ఒకటుంది, ఓపిక ఉన్నవాళ్లకు అది ఫర్వాలేదు.

హెచ్‌పీ లేజర్‌జెట్ 1018, 1020 ఇంకో తమాషా. వాటి ఫర్మ్‌వేర్, అంటే ప్రింటర్‌ను నడిపే ప్రోగ్రామ్, లోపల నిలవదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే దాన్ని పంపాలి. హెచ్‌పీ వాళ్ల లైనక్స్ డ్రైవర్ హెచ్‌పీలిప్ వేసి, పైన దాని ప్లగిన్ కూడా దించుకుంటే పని అవుతుంది, ఫూ2జెడ్‌జేఎస్ అనే డ్రైవర్‌తోనూ అవుతుంది. ఎవరైనా ఊరికే ఇస్తే తీసుకోండి. డబ్బు పెట్టి కొనాలంటే మాత్రం లేజర్‌జెట్ 1320, లేదా పీ2055డీ, పీ2055డీఎన్ చూడండి. మూడింటికీ పీసీఎల్ వచ్చు, పోస్ట్‌స్క్రిప్ట్ కూడా వచ్చు, రెండు వైపులా వాటంతట అవే వేస్తాయి, హెచ్‌పీలిప్‌లో ప్లగిన్ అవసరం లేదు.


టోనర్_భాయ్ · శుక్రవారం రాత్రి 10:41

దమయంతి మేడమ్ 1020ని అంత తేలిగ్గా తీసెయ్యకండి 😀 హైదరాబాద్‌లో ఏ గల్లీకి పోయినా 12ఏ కార్ట్‌రిడ్జ్ నింపేవాడు దొరుకుతాడు. కెనాన్ 2900లో పడే 303 కూడా దాదాపు అదే డబ్బా. సగం సిటీ ఆ రెండు మెషీన్ల మీదే బతుకుతోంది. ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డుల వాళ్లు ట్రేసింగ్ పేపర్ మీద ప్రింట్ తీసి ప్లేట్ చేయించుకునేది చాలావరకు వీటితోనే.

1320కి 49ఏ గానీ 49ఎక్స్ గానీ పడుతుంది. 49ఏ 2,500 పేజీలు, 49ఎక్స్ 6,000 పేజీలు అని కంపెనీ లెక్క. రెండూ రీఫిల్ అవుతాయి, కంపాటిబుల్ కూడా దొరుకుతుంది. కాకపోతే 12ఏ లాగా పక్క సందులో ఉండదు, అడిగి తెప్పించుకోవాలి.


డెబియన్_దమయంతి · శుక్రవారం రాత్రి 10:48

భాయ్, విండోస్ ఉన్నవాళ్లకు 1020 బంగారమే. మింట్‌లో ప్రతి అప్‌గ్రేడ్ తర్వాతా ప్లగిన్ మళ్లీ దించుకోమంటే మూర్తి గారు నన్నే తిడతారు.


సీటీసీ_పాతకాపు · శనివారం ఉదయం 7:20

ఎక్కడ వెతకాలో నేను చెబుతాను. సికింద్రాబాద్ పార్క్ లేన్, చెనాయ్ ట్రేడ్ సెంటర్. సీటీసీ అంటే ఆటో అతను తీసుకెళ్తాడు. కింద కొత్త సరుకు ఉన్న షాపుల దగ్గర ఆగిపోకండి. పై అంతస్తుల్లో, పక్క సందుల్లో సర్వీసు చేసేవాళ్లుంటారు. పాత ప్రింటర్లు వాళ్ల దగ్గరే ఉంటాయి. గచ్చిబౌలి, మాదాపూర్ వైపు ఆఫీసులు ఖాళీ చేసినప్పుడు లాట్లుగా అమ్మేసిన సరుకు అది. ఆఫీసు సరుకు కాబట్టి నెట్‌వర్క్ ఉన్నవి, రెండు వైపులా వేసేవి ఎక్కువ. ఇళ్లలో వాడినవి తక్కువ.

ఎర్రగడ్డ ఆదివారం సంతలో కూడా ప్రింటర్లు కనిపిస్తాయి, ధర వింటే ఆశ పుడుతుంది. కానీ అక్కడ ప్లగ్ పెట్టి చూసే వీలుండదు. కరెంటు పెట్టి చూపించని ప్రింటర్‌ను నేనైతే ముట్టుకోను.

వెళ్లేటప్పుడు మీ లాప్‌టాప్, యూఎస్‌బీ వైరు మీరే పట్టుకెళ్లండి. వైరు షాపులో ఉంటుందిలే అనుకోవద్దు. కొంచెం కాగితం కూడా తీసుకెళ్లండి.

ముందు కంప్యూటర్‌కు తగిలించకుండానే, రెడీ లైటు వెలుగుతుండగా గో బటన్ కొద్దిసేపు నొక్కి పట్టుకోండి. 1320లో కాన్ఫిగరేషన్ పేజీ వస్తుంది. అందులో ఇప్పటిదాకా వేసిన పేజీల లెక్క, మెమరీ, సీరియల్ నంబరు ఉంటాయి. షాపువాడు ఇరవై వేలే తిరిగింది అంటాడు, ఆ కాగితం అసలు సంగతి చెబుతుంది. ఎక్కువ తిరిగిందని వదిలేయక్కర్లేదు, బేరానికి పనికొస్తుంది.

వచ్చిన పేజీని బొటనవేలితో గట్టిగా రుద్దండి. నలుపు వేలికి అంటితే, పొడిని కాగితానికి అతికించే ఫ్యూజర్ సరిగా కాల్చడం లేదు. అది ఖర్చుతో కూడిన పని, వదిలేయడం మంచిది. పేజీ మీద ఒకే మచ్చ కిందికి వరసగా, సుమారు 75 మిల్లీమీటర్లకొకటి పడుతుంటే డ్రమ్ మీద గీత. అది కార్ట్‌రిడ్జ్‌తో పాటే పోతుంది, భయపడకండి. రెండు మూడు కాగితాలు కలిసి లాగుతుంటే రోలరు, దాని కింద సెపరేషన్ ప్యాడ్ అరిగాయి. ఆ రెండూ చవకే, అక్కడికక్కడే వేయించుకోండి.

చివరగా ఇరవై పేజీలు ఆపకుండా రెండు వైపులా వేయించండి. పది పేజీల దాకా అన్ని ప్రింటర్లూ బుద్ధిగానే ఉంటాయి. వేడెక్కాకే అసలు రంగు బయటపడుతుంది.


చిక్కడపల్లి_చదువరి · శనివారం ఉదయం 8:02

పాతకాపు గారి పోస్టు ప్రింట్ తీసి జేబులో పెట్టుకోదగ్గది. ప్రింటర్ ఉన్నవాళ్లు తీసి పంపండి.

నాదొక సందేహం. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన పాత ఫైళ్లు నా దగ్గర కుప్పలుగా ఉన్నాయి. లైనక్స్‌లో తెరిచి వేసుకునే దారుందా?


డెబియన్_దమయంతి · శనివారం ఉదయం 8:25

పేజ్‌మేకర్ ఫైళ్లను లైనక్స్‌లో తెరవడం మీద ఆశ పెట్టుకోకండి. విండోస్ ఉన్న మిత్రుడి దగ్గర ఫాంట్లు ఇమిడ్చి పీడీఎఫ్ చేయించుకోండి. ఆ పీడీఎఫ్ ఏ ప్రింటర్ మీదైనా వస్తుంది. మళ్లీ దిద్దుకోవాల్సినవి మాత్రం యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చాక ఒత్తులు ఒకసారి చదివి చూసుకోవాలి, ముఖ్యంగా రావత్తు.


బేగంబజార్_బిల్లు · శనివారం ఉదయం 11:15

పాత తరహా ప్రింటర్ అంటే డీఎంపీ (డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్) గురించేమో అని లోపలికొచ్చాను. ఇక్కడంతా లేజర్ల పెళ్లి నడుస్తోంది.

మా హోల్‌సేల్ షాపులో టీవీఎస్ ఎంఎస్‌పీ 250 స్టార్ ఉంది. దుమ్ము, వేడి, రోజంతా పని, దేనికీ లొంగదు. బిల్లు మూడు కాపీలు కావాలి: ఒకటి పార్టీకి, ఒకటి ట్రాన్స్‌పోర్టుకి, ఒకటి మాకు. కార్బన్ పేపర్ మీద సూది గుద్దితేనే కింది కాపీ వస్తుంది, లేజర్‌తో అది జన్మలో కాదు. మొన్న మా తమ్ముడు కౌంటర్ కంప్యూటర్‌లో ఉబుంటు వేశాడు. ప్రింట్ వస్తోంది గానీ ఒక ఇబ్బంది. మా బిల్లు ఎత్తు 6 అంగుళాలు. ఒక బిల్లు కొట్టగానే అది పూర్తి కాగితం అనుకుని ఇంకో ఖాళీ బిల్లు బయటికి తోసేస్తోంది. రోజుకు సగం స్టేషనరీ వేస్టు. ఎవరైనా చెప్పగలరా?


డెబియన్_దమయంతి · శనివారం మధ్యాహ్నం 12:10

బిల్లు గారూ, చెప్పగలను. మీ సాఫ్ట్‌వేర్ మామూలు టెక్స్ట్ పంపుతోందా, పీడీఎఫ్ పంపుతోందా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

టెక్స్ట్ అయితే కప్స్‌లో ఆ ప్రింటర్‌ను రా క్యూగా పెట్టండి, మధ్యలో ఏ డ్రైవరూ వేలు పెట్టకుండా. ఈ ప్రింటర్లకు ఎప్సన్ వాళ్ల ఈఎస్‌సీ/పీ ఆజ్ఞలు అర్థమవుతాయి. బిల్లు మొదట్లో ఎస్కేప్, పెద్ద సీ, ఆ వెంటనే 36 విలువున్న ఒక బైటు పంపాలి. 3, 6 అనే అంకెలు టైపు చేస్తే కుదరదు. అంగుళానికి 6 వరసల లెక్కన 36 వరసలు అంటే సరిగ్గా 6 అంగుళాలు. ఇక ఫామ్ ఫీడ్, అంటే కాగితాన్ని ముందుకు తోసే ఆజ్ఞ, వచ్చినప్పుడు తర్వాతి బిల్లు అంచు దగ్గర ఆగుతుంది.

పీడీఎఫ్ అయితే ఎప్సన్ 9 పిన్ డ్రైవర్ పెట్టి, మీ బిల్లు కొలతతో కస్టమ్ పేజీ సైజు చేసుకోండి. పీడీఎఫ్ కూడా అదే కొలతలో తయారవ్వాలి, లేకపోతే మళ్లీ మొదటికే వస్తుంది.


బేగంబజార్_బిల్లు · శనివారం మధ్యాహ్నం 12:18

టెక్స్టే మేడమ్. ఇప్పుడు గిరాకీ ఉంది, రాత్రి షట్టర్ దించాక చూస్తా. పార్టీ పేరు తెలుగులో కొట్టే వీలుందా?


డెబియన్_దమయంతి · శనివారం మధ్యాహ్నం 12:40

ఉంది గానీ కౌంటర్ దగ్గర పనికిరాదు. ప్రింటర్ లోపల ఉన్న అక్షరాలు ఇంగ్లీషువే. తెలుగు టెక్స్ట్ నేరుగా పంపితే పిచ్చి గుర్తులు కొడుతుంది. తెలుగు కావాలంటే పేజీ మొత్తం బొమ్మగా వెళ్లాలి. అప్పుడు హెడ్ ఒక్కో వరస మీద మెల్లగా పాకుతూ పోతుంది, క్యూలో ఉన్న పార్టీ మిమ్మల్ని చూస్తూ ఉంటాడు. పైగా 9 సూదులతో చిన్న అక్షరాల కింద ఒత్తులు అలుక్కుపోతాయి. షాపు పేరు తెలుగులో కావాలంటే స్టేషనరీ మీద ముందే అచ్చు వేయించుకోండి, పేర్లు ఇంగ్లీషులో ఉండనివ్వండి.


కొత్తపేట_కుర్రాడు · శనివారం సాయంత్రం 6:33

దమయంతి గారూ, ఒక విషయం అడగాలి. ఈరోజు మా ల్యాబ్‌లో టెర్మినల్ నుంచి ఒక పాత ప్రింటర్ చేర్చబోతే, ప్రింటర్ డ్రైవర్లకు కాలం చెల్లింది, రాబోయే కప్స్‌లో పనిచేయవు అని హెచ్చరిక వచ్చింది. అంటే మూర్తి సర్ ఇప్పుడు పాతది కొంటే రెండేళ్లకే మూలన పడేయాల్సి వస్తుంది కదా? నేను ముందు నుంచీ చెబుతున్నది అదే.


డెబియన్_దమయంతి · శనివారం రాత్రి 8:15

మంచి ప్రశ్న తమ్ముడూ. ఆ హెచ్చరిక చూసి కంగారుపడేవాళ్లు చాలామంది.

కప్స్‌ను మైకేల్ స్వీట్ మొదలుపెట్టాడు, మొదటి విడుదల 1999లో. 2007లో ఆపిల్ కొనుక్కుంది. ఆయన 2019 చివర్లో ఆపిల్ నుంచి బయటికొచ్చాక, 2020 నుంచి ఓపెన్‌ప్రింటింగ్ అనే బృందం దగ్గర పని కొనసాగుతోంది. వాళ్ల ప్రణాళిక ప్రకారం కప్స్ 3లో ప్రింటర్ వివరాలుండే పీపీడీ ఫైళ్లు, పాత పద్ధతి డ్రైవర్లు ఉండవు. అంతవరకు నువ్వన్నది నిజం.

కానీ పాత ప్రింటర్లను గాలికి వదిలేయలేదు. ప్రింటర్ అప్లికేషన్ అనే పద్ధతి తెచ్చారు. పాత డ్రైవర్‌ను లోపల పెట్టుకున్న చిన్న ప్రోగ్రామ్ అది. కప్స్ వైపు చూస్తే ఐపీపీ ఉన్న కొత్త ప్రింటర్ లాగా కనిపిస్తుంది, ఇటు పాత ప్రింటర్‌తో దాని భాషలోనే మాట్లాడుతుంది. పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్లకు ఒకటి, హెచ్‌పీలిప్‌కు ఒకటి, గూటెన్‌ప్రింట్ అనే డ్రైవర్ల కట్టకు ఒకటి ఇప్పటికే ఉన్నాయి. ఇబ్బందల్లా సోర్స్ బయటపెట్టకుండా కంపెనీ ఇచ్చిన డ్రైవర్ మీద ఆధారపడ్డ వాటికే. ఆ కంపెనీ తిరిగి రాయకపోతే వాటికి కష్టమే. అందుకే మొదటి నుంచీ భాష అడగమంటున్నాను. పీసీఎల్, పోస్ట్‌స్క్రిప్ట్ వచ్చిన ప్రింటర్ ఒక కంపెనీ దయ మీద బతకదు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కథ కూడా ఒక ప్రింటర్ దగ్గరే మొదలైందంటారు. ఎంఐటీ ల్యాబ్‌లో రిచర్డ్ స్టాల్‌మన్, కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు వెళ్లేలా పాత ప్రింటర్ ప్రోగ్రామ్‌ను మార్చుకున్నాడు. కొత్తగా వచ్చిన జిరాక్స్ లేజర్ ప్రింటర్‌కు అలా చేద్దామంటే సోర్స్ కోడ్ ఇవ్వలేదు. ఆయన గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ప్రకటన 1983లో వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత మనం కూర్చుని ప్రింటర్ల గురించే తిట్టుకుంటున్నాం.


కొత్తపేట_కుర్రాడు · శనివారం రాత్రి 8:21

సరే, ఒప్పుకుంటా. కానీ కొత్తదే కావాలి, వైఫై వద్దు అనేవాళ్లకు? మా అక్క అడుగుతోంది.


టోనర్_భాయ్ · శనివారం రాత్రి 8:50

బ్రదర్ హెచ్‌ఎల్-ఎల్2321డీ. వైఫై లేదు, యూఎస్‌బీ ఒక్కటే, రెండు వైపులా వేస్తుంది. టోనర్ వేరు, డ్రమ్ వేరు, కాబట్టి డ్రమ్ బాగున్నంత కాలం పొడి మార్చుకుంటే చాలు. లైనక్స్ సంగతి మేడమ్ చెప్పాలి.


డెబియన్_దమయంతి · శనివారం రాత్రి 9:02

బ్రదర్ వాళ్లే వెబ్‌సైట్‌లో డెబ్, ఆర్‌పీఎం రెండు రూపాల్లోనూ డ్రైవర్ ఇస్తారు. బ్రదర్ నలుపు తెలుపు లేజర్లలో చాలావాటికి బీఆర్‌లేజర్ అనే స్వేచ్ఛా డ్రైవర్ కూడా ఉంది, మింట్ భాండాగారంలోనే దొరుకుతుంది. ఇది పీసీఎల్ జాతి కాదు గానీ, డ్రైవర్ సోర్స్ అందరి చేతిలో ఉంది కాబట్టి అక్కకు ధైర్యంగా చెప్పొచ్చు.


బేగంబజార్_బిల్లు · శనివారం రాత్రి 10:57

36 పనిచేసింది!! ఖాళీ బిల్లు తోయడం ఆగిపోయింది. మేడమ్, ఎప్పుడైనా బేగం బజార్ వస్తే మా షాపుకు రండి. జీడిపప్పు ధర మాట్లాడుకుందాం.


మల్కాజిగిరి_మూర్తి · తర్వాతి శనివారం రాత్రి 8:40

అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు సీటీసీ వెళ్లొచ్చాను. ప్రింటర్ ఇంటికొచ్చింది గానీ పని ఇంకా పూర్తి కాలేదు, అది కిందికి వస్తుంది.

మొదటి షాపులో లేజర్‌జెట్ 1320 అడిగితే, అది పాతది సార్, దాని బదులు ఇది తీసుకోండి అని 1020 ముందు పెట్టాడు. భాష ఏమిటని అడిగితే, తెలుగు వస్తుంది సార్, అన్ని భాషలూ వస్తాయి అన్నాడు. నవ్వాపుకుని బయటికొచ్చాను. పై అంతస్తులో సర్వీసు చేసే అతని దగ్గర రెండు 1320లు ఉన్నాయి. పాతకాపు గారు చెప్పినట్లు ముందే కాన్ఫిగరేషన్ పేజీ తీయించాను. ఒకటి లక్షా పది వేలు దాటింది, ఇంకోటి అరవై వేల చిల్లర. రెండోదాని పేజీని రుద్దితే వేలికి ఏమీ అంటలేదు. సెపరేషన్ ప్యాడ్ మార్పించుకుని 5 వేలకు తెచ్చాను, నింపిన కార్ట్‌రిడ్జ్‌తో సహా.

పరీక్షకు ఒక పేజీ తయారు చేసుకుని వెళ్లాను. జ్యోత్స్న, ఊర్ధ్వం, రాష్ట్రం, లక్ష్మి, తార్క్ష్యుడు, కృతి, ఋషి. ఒత్తు కింద ఒత్తు ఉన్నవి, వట్రసుడి ఉన్నవి, ష ఉన్నవి. మామూలు లోహిత్ ఫాంట్‌లో, 18 నుంచి 9 పాయింట్ల దాకా తగ్గించుకుంటూ. 9 పాయింట్లలో కూడా ష కడుపులో గీత పూడిపోలేదు. ఎకానమీ మోడ్ పెట్టి తీస్తే మాత్రం వట్రసుడి తోక పలచబడి కృతి కాస్తా కతి అయింది. పిల్లలకు అది పనికిరాదు.

ఇప్పుడు రెండు సమస్యలు. ఒకటి, ఇంట్లో ప్రింట్ పంపితే పేజీ రావడం లేదు, పసుపు లైటు కొట్టుకుంటోంది. గో బటన్ నొక్కితే వస్తుంది. ప్రతి పేజీకీ నొక్కాలా? రెండు, బొమ్మలున్న పీడీఎఫ్‌లు మొదటి పేజీ రావడానికే కాఫీ తాగి రావచ్చు.


డెబియన్_దమయంతి · తర్వాతి శనివారం రాత్రి 9:05

మూర్తి గారూ, శుభం. మొదటిది కాగితం సైజు. కంప్యూటర్ లెటర్ సైజు అడుగుతోంది, ట్రేలో ఏ4 ఉంది. ఇది వేరే కాగితం అనుకుని, పెట్టమని లైటు కొడుతోంది. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్:631 తెరిచి, ప్రింటర్ డిఫాల్ట్ ఆప్షన్లలో ఏ4 పెట్టండి. లిబ్రే ఆఫీస్‌లో పేజీ సైజు కూడా ఏ4 ఉందో లేదో చూడండి, మీ టెంప్లేట్‌లోనే లెటర్ ఉండొచ్చు. అదే చోట ఇన్‌స్టాల్ చేసిన ఆప్షన్లలో డ్యూప్లెక్స్ ఉన్నట్లు టిక్ చేయండి.

రెండోది, పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్ ఎంచుకున్నట్లున్నారు. 1320లో ఉన్నది 16 ఎంబీ మెమరీ. తెలుగు ఫాంట్లు, బొమ్మలు కలిపిన పేజీని పోస్ట్‌స్క్రిప్ట్‌గా పంపితే పాపం అది లోపల కూర్చుని లెక్కలు కడుతుంది. ప్రింటర్‌ను తీసేసి మళ్లీ చేర్చండి, ఈసారి అదే మోడల్‌కు పీసీఎల్ డ్రైవర్ ఎంచుకోండి. బరువంతా మీ లాప్‌టాప్ మోస్తుంది.

ఇంకోటి, ఇంట్లో యూఎస్‌బీ ప్రింటర్ ఒక్కటే కాబట్టి కప్స్-బ్రౌజ్డ్ సర్వీసు ఆపేయండి. నెట్‌వర్క్‌లో ప్రింటర్లు వెతకడానికి అది. 2024 సెప్టెంబర్‌లో దానిలో భద్రతా లోపాలు బయటపడ్డాయి, సరిచేశారు కూడా. అయినా అవసరం లేని తలుపు తెరిచి పెట్టడం దేనికి?


సీటీసీ_పాతకాపు · తర్వాతి శనివారం రాత్రి 9:30

రెండు వైపులా వేసేటప్పుడు ఇరుక్కుంటే వెనక వైపు చూడండి. డ్యూప్లెక్స్ కోసం లెటర్, ఏ4 అని మార్చుకునే చిన్న మీట ఉంటుంది. ఆఫీసులో ఎవరో లెటర్ వైపు తిప్పి వదిలేసి ఉంటారు. వెనక తలుపు కూడా మూసి ఉండాలి, తెరిచి ఉంటే కాగితం తిరిగి లోపలికి వెళ్లదు.

ఇన్వర్టర్‌కు, చిన్న యూపీఎస్‌కు తగిలించొద్దు. ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, యూపీఎస్ కూత పెడుతుంది. నేరుగా గోడ ప్లగ్‌కే.


మల్కాజిగిరి_మూర్తి · తర్వాతి ఆదివారం మధ్యాహ్నం 1:15

ఏ4 పెట్టగానే లైటు ఆగిపోయింది. పీసీఎల్‌కు మార్చాక బొమ్మలున్న పేజీ కూడా గబగబా వస్తోంది. మీట నిజంగానే లెటర్ వైపే ఉంది పాతకాపు గారూ. పొద్దున క్లాసుకు గళ్ల నుడికట్టు, వెనక జవాబులు, రెండు వైపులా వేసుకుని వెళ్లాను. జవాబులు వెనకే ఉన్నాయని పిల్లలు ఐదు నిమిషాల్లో కనిపెట్టేశారు.

టోనర్ భాయ్, వేసవిలో రెండు నెలలు మూసి పెడితే కార్ట్‌రిడ్జ్ బయటికి తీయాలా?


టోనర్_భాయ్ · తర్వాతి ఆదివారం మధ్యాహ్నం 2:00

వద్దు సార్, లోపలే ఉండనివ్వండి. బయట పెడితే డ్రమ్ మీద వెలుతురు పడి పాడవుతుంది. ప్లగ్ తీసి పైన గుడ్డ కప్పండి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు కార్ట్‌రిడ్జ్ తీసి అటూ ఇటూ నాలుగుసార్లు మెల్లగా ఊపి పెట్టండి, పొడి సర్దుకుంటుంది. ట్రేలో కాగితం మాత్రం వదలకండి. ముఖ్యంగా వానాకాలంలో చెమ్మ పట్టి వంకర తిరిగి ఇరుక్కుంటుంది, జనం ప్రింటర్‌ను తిడతారు.


చిక్కడపల్లి_చదువరి · తర్వాతి ఆదివారం సాయంత్రం 5:40

మూర్తి గారూ, ఆ లక్షా పది వేలు తిరిగిన 1320 ఇంకా ఉందంటారా?


మల్కాజిగిరి_మూర్తి · తర్వాతి ఆదివారం సాయంత్రం 6:05

నేను వచ్చేటప్పటికి ఉంది. ట్రే మూత పగిలింది, రోలరు మార్చాలన్నాడు. నాకు మూడున్నర వేలు చెప్పాడు, మీరు ముందు పేజీ రుద్ది చూశాకే బేరం మొదలుపెట్టండి. షాపు వివరం విడిగా మెసేజ్ చేస్తాను.